ఎరువు

తెలుగున ‘ఎరువు’ అను మాటకు రెండర్థములు కలవు. పొలమున చల్లునది ఎరువు. పొరుగింటినుండి పని గడచువరకు తెచ్చుకొని మరల ఇచ్చివేయు వస్తువును ఎరువే. పెండ్లికి ఎరువు తెచ్చిన నగను గూర్చి పెద్దలు సామెత కూడ చెప్పిరి: ఎరువుల సొమ్ము బరువుల చేటు. ఇవి వేరువేరు మాటలై యుండి కాలక్రమమున ఒక్క రూపము దాల్చినవో, ఒక్క మాటయే రెండుగా చీలినదో తేల్చుట భాషాశాస్త్రజ్ఞుల పని. కాని ఆ రెండర్థములును ఒకే చోట, ఒకే మనుష్యుని చేతిలో కలిసికొను సందర్భములు లోకమున కలవు. ఉక్కునగరమైన భిలాయిలో కంపెనీ క్వార్టరు వెనుక, జానెడు పెరటిలో, ఆకులును కూరగాయల తొక్కలును వేసి మాగబెట్టు చిన్న కుండీ అట్టి సందర్భము. అచ్చట ఎరువు తయారుచేయు గృహస్థునకు ఆ నేలయే ఎరువుగా వచ్చినది. తనది కాని నేలను బాగుచేయుటకు మనుష్యుడు ఎందులకు పాటుపడవలెను? ప్రశ్న చూచుటకు చిన్నది. చేతికి మట్టి అంటిన పిమ్మట అంత చిన్నదిగా తోచదు.

భిలాయి కర్మాగారము 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి, నాటి మధ్యప్రదేశములోని దుర్గ్ జిల్లాలో వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. రాజహరా కొండలనుండి ఇనుపరాయి, నందిని గనులనుండి సున్నపురాయి వచ్చును. ఇచ్చటినుండి రైలుపట్టాలు దేశమంతటికిని పోవును. 2000 నవంబరు 1వ తేదీనుండి ఈ సీమ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున చేరినది. ఉద్యోగములకై నలుదెసలనుండియు జనము వచ్చిరి. వారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు తక్కువమంది కారు. వరిపొలములను, పెంటదిబ్బలను, గొర్రెలమంద కట్టిన చేలను విడిచి వచ్చినవారు సెక్టరు పేరును, వీధి సంఖ్యను, క్వార్టరు సంఖ్యను చిరునామాగా స్వీకరించిరి. తమ యూళ్ళలో గెత్తమని పిలుచుకొన్న పశువుల ఎరువును వారు మరచిపోలేదు. దానిని వేయుటకు తమదను నేలయే లేకపోయినది.

క్వార్టరు ఉద్యోగమున్నంతవరకే. పదోన్నతి కలిగిన మరియొక క్వార్టరునకు మారవచ్చును. పదవీవిరమణము కాగానే తాళపుచెవులు అప్పగించి కదలవలెను. తరువాతి కాలమున కొన్ని ఇండ్లు దీర్ఘకాలపు లీజుపై ఇయ్యబడినను, పెక్కుమందికి నిబంధన నిబంధనయే. ముప్పది యేండ్లు నివసించినను, పిల్లల పెండ్లిండ్లు ఆ ముంగిటనే చేసినను, అచ్చటి నేల సత్రములోని చాపవంటిది. అందుచేతనే పెరటిలో ఎరువుకుండీ పెట్టిన వానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుదురు. ఇది మన సొంతమా యేమి, మామిడిచెట్టు నాటిన కాయ తినునది ఎవరో, అని వారందురు. ఈ నవ్వును తేలికగా త్రోసివేయరాదు. లోకమున నేలపట్ల జరుగు అపచారములలో సగము ఈ మాటతోడనే మొదలగును. కౌలుదారు భూసారమును పట్టించుకొనడు, అద్దెకున్నవాడు చెట్టునకు నీరు పోయడు. వారు దుర్మార్గులు గారు, లెక్క తెలిసినవారు.

ఆ లెక్క సరియైనదో కాదో చూచుటకు ముందు కుండీలో జరుగునదేమో కొంత తెలియవలెను.

కుండీ అనగా గొప్ప నిర్మాణము కాదు. సున్నము లేకుండ, సందులు విడిచి పేర్చిన ఇటుకల చదరము. లేదా ప్రక్కలకు రంధ్రములు పొడిచిన పాత డ్రమ్ము. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులున్న మేలు. అంతకు తక్కువైన లోపలి వేడి నిలువదు. అడుగున గాలి ఆడుటకు సన్నని పుల్లలు పరతురు. దానిపై ఎండుటాకులు, వరిగడ్డి. ఆపై వంటయింటి తొక్కలు, టీ పిప్పి, కోసిన పచ్చగడ్డి. నడుమ నడుమ పిడికెడు పాత మట్టియో, పేడనీరో. ఎండుది రెండు మూడు పాళ్ళు, పచ్చిది ఒక పాలు. దీనినే శాస్త్రజ్ఞులు నత్రజని ఒక పాలైన కర్బనము 25 నుండి 30 పాళ్ళుండవలెనని చెప్పుదురు. పచ్చిది మించిన అమోనియా పుట్టి ముక్కు పగులును. ఎండుది మించిన కుప్ప నెలల తరబడి ఉలుకు పలుకు లేక పడియుండును. తడి ఎంత యుండవలెనన్నచో, గుప్పిట పట్టి పిండిన ఒకటి రెండు చుక్కలు రాలవలెను, ధార కట్టరాదు. నూనె కలిసిన అన్నము, చేపముళ్ళు, మాంసము వేయరాదు. వేసిన మరునాటికి ఎలుకలును వీధికుక్కలును ఆ యింటి బంధువులగును.

బొగ్గుల కుంపటి మండిన దినములలో ప్రతి యింటను బూడిద మిగిలెడిది. కట్టెల బూడిద కొంచెము చల్లిన నేలకు మేలే. బొగ్గు బూడిద అట్టిది కాదు. దానిలో నేలకు సరిపడని లోహములుండును. చూచుటకు రెండును బూడిదయే. ఒకటి నిన్నమొన్నటి చెట్టు. రెండవది కోట్ల యేండ్లు భూమి క్రింద నణగియున్న చెట్టు. రెండును చెట్లే యైనను నేల ఒకదానిని ఎరుగును, రెండవదానిని ఎరుగదు.

ఈ విషయమున తెలుగువారు మూడు క్రియలను వాడుదురు. గాలి యాడక, నీరు మిక్కుటమై, దుర్గంధము పుట్టించునది కుళ్ళుట. ఆకారము చెడి, చేత నలిపిన పొడియగునది చివుకుట. చివికి, వేడి చల్లారి, నల్లబడి, తొలకరి నేల వాసన వచ్చునది మాగుట. మాగుట అను మాటను మామిడిపండునకును చెప్పుదురు, ఎరువునకును చెప్పుదురు. రెంటిలోను తొందరపడిన చెడునను భావము కలదు. పచ్చి ఎరువు వేసిన మొక్క మాడిపోవును. ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటున్నది. కుళ్ళినదానికిని మాగినదానికిని పదార్థమున భేదము లేదు. అవే తొక్కలు, అవే ఆకులు. భేదమంతయు గాలిలో, తడిలో, వేళకు వచ్చిన చేతిలో ఉన్నది. చెడిపోవుట ఎట్లును తప్పదు. ఎట్లు చెడిపోవలెనను విషయమున మాత్రమే మనుష్యునకు కొంత చొరవ కలదు. మనుష్యుల వార్ధక్యమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును గాని, ఆ పోలికను ఇంకను సాగదీయుట అనవసరము.

ఆ చేతి పనియే తిరుగవేయుట. సరిగా పేర్చిన కుప్ప రెండు మూడు దినములలో వేడెక్కును. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆకును తినుచు, ఊపిరి పీల్చుచు పుట్టించు వేడి అది. పెద్ద కుప్ప నడుమ 55 నుండి 65 డిగ్రీల వరకు పెరుగును. ఆ వేడికి కలుపు విత్తనములును, తెగుళ్ళను కలిగించు క్రిములును నశించును. 70 డిగ్రీలు దాటిన ఆ జీవులే తమ వేడికి తామే చచ్చును. లోపలి గాలి అయిపోయినపుడు వేడి తగ్గును, కుప్ప క్రుంగును. అప్పుడు పార పట్టి వెలుపలిది లోపలికి, లోపలిది వెలుపలికి, క్రిందిది మీదికి తిరుగవేయవలెను. వేడిని తెలిసికొనుటకు కుప్పలోనికి ఇనుపకడ్డీ గుచ్చి, కొంతసేపుంచి, తీసి చేత తాకి చూతురు. కొలిమిలో కరగిన ఇనుము 1500 డిగ్రీలకు దరిదాపున నుండుట నెరిగిన చేయి, ఈ కడ్డీ గోరువెచ్చగా నున్నదో, చుఱుక్కుమనుచున్నదో అని వెదకుట వింతయే.

చిన్న కుండీలో ఆ వేడియు పూర్తిగా రాదు. వైశాల్యము చాలదు, వచ్చిన వేడి ప్రక్కలనుండి పోవును. పెద్ద కుప్ప మూడు నెలలలో చేయుదానిని చిన్న కుండీ ఆరు నెలలకు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి చేయును. భిలాయి ఋతువులు దీనికి తోడగును. వైశాఖ జ్యేష్ఠములలో 44, 45 డిగ్రీల ఎండకు కుప్ప గడ్డివామువలె ఎండిపోవును. తడిపిన గోనె కప్పి, సాయంకాలమున నీళ్ళు చిలుకరింపవలెను. వానకాలమున రేకు కప్పనిచో కుండీ బురదమడుగై కుళ్ళు వాసన వీధి చివరకు పోవును. శీతకాలమున అంతయు మందగించును. నెలకు రెండుమూడు మారులు తిరుగవేయుచు, తడి చూచుచు, కప్పుచు తీయుచు ఏడాది గడపిన, కుండీ నిండ వేసినది సగమునకు, అంతకును తక్కువకు దిగి, రెండు మూడు తట్టల నల్లని పొడి మిగులును. ఇంత పాటునకు ఇంత ఫలమా యని చూచినవారికి తోచుట సహజము.

తిరుగవేయు పద్ధతికి శాస్త్రరూపము లభించినది మధ్యభారతముననే. ఇందూరులోని వ్యవసాయ పరిశోధనాలయమున 1924 మొదలు 1931 వరకు పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డు, తన సహకారియైన యశ్వంత్ వాడ్‌తో కలిసి, పల్లెల చెత్తను, పేడను, పశువుల మూత్రముతో తడిసిన మట్టిని, బూడిదను పొరలుగా పేర్చి, మూడు నెలలలో మూడుమారులు తిరుగవేయు పద్ధతిని నెలకొల్పెను. 1931లో వారిరువురు వెలువరించిన గ్రంథముచే ఆ పద్ధతి ఇందూరు పేరున లోకమంతట వ్యాపించినది. 1935లో గాంధీజీ ఇందూరునకు పోయి దానిని స్వయముగా చూచెను. హోవర్డు భారతదేశమునకు నేర్పుటకై వచ్చినవాడు; ఇచ్చటి రైతులను తన గురువులని చెప్పుకొనుటకు వెనుదీయలేదు. అటు 1939 ప్రాంతమున బెంగుళూరులో ఆచార్య అను శాస్త్రజ్ఞుడు వేరొక పద్ధతి చూపెను: గుంటలో పొరలుగా నింపి, మట్టితో మూసి, తిరుగవేయకయే ఆరు నెలలో ఎనిమిది నెలలో విడిచిపెట్టుట. అదియు ఎరువే యగును. కనుక తిరుగవేయుట తప్పనిసరి ధర్మమని ఎవరును చెప్పలేరు. ఐనను ఇరుకు పెరటిలో, వంటయింటి కిటికీకి పది అడుగుల దూరమున, గాలి లేని గుంట పెట్టుకొని పొరుగువారితో మైత్రి నిలుపుకొనుట కష్టము. ఇట్టి చోట పద్ధతిని నిర్ణయించునది శాస్త్రము కన్న ఇరుగుపొరుగే.

తిరుగవేయుటలో హింస కలదను ఆక్షేపణయు వినవచ్చును. పార దిగినపుడు వానపాము తెగును, పురుగుల గూళ్ళు చెదరును. అహింసను పరమధర్మముగా పాటించు జైనులు నేల త్రవ్వు వృత్తులకు దూరముగా నుండుట అందరెరిగినదే. దీనికి తప్పించుకొనుటకు వీలైన సమాధానము లేదు. పార మెల్లగా దింపుట, వేడి తగ్గిన పిమ్మట వానపాములు చేరిన భాగమును కదల్పకుండుట, ఇంతవరకే చేతనగును. కుండీని మానివేసిన హింస మానునా యన్నచో, అదియు లేదు. ఆ చెత్త ఊరి వెలుపలి గుట్టపై చేరి మీథేనై మండును, దానిని మేసిన పశువు ప్లాస్టికు సంచి మ్రింగి చచ్చును.

ఇక కర్తృత్వపు ప్రశ్న. ఎరువు చేసినది ఎవరు? ఫర్నేసు విషయమున ఈ ప్రశ్నకు సమాధానము తేలిక. రాయి, బొగ్గు, సున్నపురాయి ఇంతింతయని లెక్కించి పోసినవారు, వేడి గాలి ఊదినవారు, వేళకు రంధ్రము తెరచినవారు మనుష్యులే. రాయి తనంత తాను ఇనుము కాదు. కుండీలోనో, మనుష్యుడు లేకపోయినను ఆకు ఏనాటికైనను మట్టియగును. అడవిలో తిరుగవేయువాడెవడు? భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము కార్యసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, దైవము అను అయిదు హేతువులను చెప్పినది. ఫర్నేసు ముందు నిలిచినవానికి మొదటి నాలుగు కనబడును. కుండీ ముందు నిలిచినవానికి అయిదవదియే ఎక్కువగా కనబడును. పార పట్టినవాడు కర్త యగునంతలోనే, ఆ పని నిజముగా చేయువారు కోటానుకోట్లు, పేరులేనివారు, తన యాజ్ఞ విననివారు అని తెలిసిపోవును. అతడు గాలిని ఇచ్చినాడు, తడిని కాచినాడు. అంతకు మించి చెప్పుకొనుటకేమియు లేదు. ఎనిమిది గంటలు యంత్రమును ఆజ్ఞాపించి ఇంటికి వచ్చిన మనుష్యునకు ఇది విశ్రాంతి యగునో, అవమానమగునో అతని స్వభావమును బట్టి యుండును.

పని చేయువాడే పూర్తిగా కర్త కానప్పుడు, ఫలము పూర్తిగా తనదే కావలెనని కోరుటకు అతనికి ఎంత హక్కున్నది? ఇరుగుపొరుగువారి నవ్వునకు సమాధానము ఇచ్చటనుండి వెదకవలెను.

తేలికైన సమాధానము స్వార్థమునుండి వచ్చును. ఈ ఏటి ఎరువు ఈ ఏటి వంకాయకు, ఈ ఏటి గోంగూరకు వచ్చును గదా! ఇది నిజము, కాని సగము నిజము. మాగిన ఎరువు ఒక్క పంటతో తీరునది కాదు. రసాయనపు ఎరువు వేసిన నత్రజని కొంత మొక్కకు పోయి, కొంత నీటితో కొట్టుకొనిపోవును. చివికిన ఎరువు మట్టిని గుల్లచేసి, నీటిని పట్టి, ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా ఇచ్చుచుండును. కనుక వేసినవాడు తినునది కొంత. తరువాత వచ్చువాడు తినునదియు కొంత. కాపురము పదేండ్లదైన లెక్క కిట్టవచ్చును. ఏడాదిలో విరమింపబోవువానికి ఏ విధముగను కిట్టదు. ఐనను అట్టివారు కొందరు తిరుగవేయుచునే యుందురు.

రెండవ సమాధానము నిష్కామకర్మము. మనవారి నాలుకపై ఇది సిద్ధముగా నుండును. అందుచేతనే దీనిని కొంచెము అనుమానింపవలెను. కుండీ పెట్టినవానికి కోరిక లేదనుట అబద్ధము. అతడు వంకాయను కోరును, పూలను కోరును, పొరుగువారి మెప్పును సైతము కోరును. ఫలము మీద ఆశ లేనివాడు తడి చూచుటకు రెండు పూటల లేచిరాడు. అతని ఆశ చచ్చినది కాదు, తన గడపను దాటి సాగినది. రాబోవువాని వంకాయ కూడ అతనికి కొంత రుచించును. దీనికి వైరాగ్యమను పేరు పెట్టుట ఆ మనుష్యునకు మర్యాద చేయుట కాదు.

మూడవది ఋణము. ఇచ్చట తెలుగు గృహిణుల వ్యవహారజ్ఞానము తోడ్పడును. వారు మూడు విధముల పుచ్చుకోళ్ళను ఎరుగుదురు. ధనము అప్పు, దానికి వడ్డీ కలదు. బియ్యము, ఉప్పు, చింతపండు బదులు. తెచ్చినదానిని వాడుకొని, అంతటి మరియొకదానిని కొలిచి ఇచ్చుట. గంగాళము, నగ, నిచ్చెన ఎరువు. తెచ్చిన వస్తువునే, సొట్ట పడకుండ, తిరిగి చేర్చుట. నేల ఈ మూడింటిలో ఏది? కంపెనీ పత్రము దానిని ఎరువుగా చూచును: ఇచ్చిన ఇంటినే తిరిగి ఇమ్మనును. కాని నేలను వాడుకొనక ఉంచుట సాధ్యము కాదు. ఒక్క తోటకూర కట్ట కోసినను నేలలోనుండి కొంత పోయినది. పోయినది మరల కొలిచి పోయవలెను. కనుక నేల ఎరువుగా వచ్చును, బదులుగా తీర్చవలసి యుండును. గంగాళమునకును బియ్యమునకును గల ఈ తేడాను మరచుటయే ఆ నవ్వులోని లెక్క పొరపాటు. గంగాళము తోమి ఇచ్చిన చాలును. బియ్యపు కుంచము కడిగి ఇచ్చిన చాలదు.

ఎవరికి కొలిచి పోయవలెను? చిక్కు ఇచ్చటనే యున్నది. తాళము పుచ్చుకొనునది కంపెనీ. కాని ఆ సెక్టర్ల క్రింద నున్నది కంపెనీ సృష్టించిన నేల కాదు. కర్మాగారమునకును నగరమునకును భూములు సమర్పించిన పల్లెలది. ఛత్తీస్‌గఢీ రైతు తన నేలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో ఎరుగును: కంకరతో కూడిన మెట్ట, పచ్చని తేలిక నేల, రెంటికి నడిమిది, నల్లని జిగట నేల. ఇంటి ప్రక్కనే పేడయు ఊడ్పుచెత్తయు వేయు గుంటను ఘురువా యనును, కూరపాదులు పెట్టు పెరటిని బారీ యనును. ఎన్ని తరముల ఘురువా మన్ను పడిన భాటా నేల కూరపాదు పట్టునో ఆ యింటి ముసలమ్మకు తెలియును. నష్టపరిహారపు పత్రములో నేల వైశాల్యముండును, తరగతి యుండును, వెల యుండును. ఎన్ని తట్టల పేడ దానిలో కలిసినదో ఏ పత్రమునను ఉండదు.

ఆంధ్రదేశపు రైతు పాటిమన్ను విలువ నెరుగును. పూర్వమెప్పుడో ఊరుండి పాడైన దిబ్బ పాటిదిబ్బ. దాని మన్ను త్రవ్వి బండ్లతో చేలకు తోలుదురు. పేరు కూడ మిగులని మనుష్యుల బూడిదయు, పేడయు, ఊడ్పుచెత్తయు కలిసి మాగిన మన్ను అది. పంట పండించుకొన్నవానికి వారెవరో తెలియదు. తెలిసికొనవలెనని తోచనైన తోచదు. భిలాయి సెక్టర్లును ఒక విధమున పాటినేలలే. భేదమేమనగా, ఇచ్చట ఊరు తనంత తాను పాడుపడలేదు, లేపి పంపబడినది. దాని మనుష్యులు చాలమంది సమీపముననే, అదే జిల్లాలో, జీవించుచునే యున్నారు. వారిలో కొందరికి ప్లాంటులో ఉద్యోగములు దొరకినవి, కొందరికి దొరకలేదు.

ఎరువుకుండీ పెట్టినవాడు ఆ పల్లెవారికి ఋణము తీర్చుచున్నాడని చెప్పిన అది మోసము. రెండు తట్టల మన్ను ఏ రైతునకును ముట్టదు. అసలు ఋణదాత యొకడు, తీర్చునది మరియొకనికి. ఈ వంకర సరిచేయుట కుండీ చేతిలో లేదు, న్యాయస్థానములును ప్రభుత్వములును కంపెనీయు చూడవలసిన పని అది. ఐనను, సరియైన మనుష్యునకు తీర్చలేనంత మాత్రమున అసలే తీర్చనక్కరలేదను వాదము అంతకంటె వంకర. తండ్రి ఋణము కొడుకునకు తీర్చుటయను ఆచారము లోకమున కలదు. నేల విషయమున ఋణదాత స్థానమున నిలువగలది నేలయే; ఆ పిమ్మట దానిపై ఎవరు నిలిచియున్న వారు.

దీనిలో మరియొక చేతి సంగతి కలదు. మన దేశమున చెత్తను తాకునది ఎవరను ప్రశ్నకు కులము ముందుగనే సమాధానము చెప్పి పెట్టినది. ఇంటిలో పుట్టిన కుళ్ళు గడప దాటిన క్షణముననే అది మరియొక మనుష్యుని పనియగును. ఆ మనుష్యుడు ఎవరి బిడ్డయో అందరెరుగుదురు. కుండీ పెట్టినవాడు ముందుగా చేయునది ఈ ఏర్పాటును తన వంటయింటివరకు త్రెంచుట. తన తొక్కలు తన చేతనే చివికిన, ఉదయమున వచ్చు బండిలో చేయి పెట్టి తడిచెత్తను పొడిచెత్తను వేరుచేయు మనుష్యునకు ఒక యింటి కుళ్ళు తప్పినది. ఇదే రాష్ట్రములోని అంబికాపురమున 2015 నుండి స్త్రీల సంఘములవారు ఇంటింటి చెత్తను సేకరించి, వేరుచేసి, దానిపై జీవించు పద్ధతి పేరు పొందినది. అచ్చట ఆ పనికి జీతమును, గుర్తింపును లభించినవి. 2016లో వచ్చిన నిబంధనలు దేశమంతట ఇంటియందే తడి పొడి వేరుచేయవలెనని చెప్పినవి. నిబంధన చెప్పినను చేయి వెనుకకు పోవును. ఆ జంకు వాసనకు కాదు, వంశమునకు. పార పట్టిన మొదటి నెలలలో గృహస్థు గెలువవలసినది ఆ జంకును. అది గెలిచిన పిమ్మట వానపాములును తడియు ఎండయు చిన్న సంగతులు.

పేడకు వెల కట్టిన ప్రభుత్వమును ఈ రాష్ట్రమున వచ్చినది. 2020లో, పనిముట్లను పూజించు హరేలీ పండుగనాడు, పేడను కిలో రెండు రూపాయలకు కొను పథకము మొదలైనది. అది రాజకీయముల వెంబడి వచ్చినది. దానివలన ఒక్క సంగతి తేలినది: వెల కట్టిన వెంటనే పెంట పెంటగా చూడబడలేదు, సొమ్ముగా చూడబడినది. చిన్న కుండీకి ఆ భాగ్యము లేదు. దాని రెండు తట్టలను కొనువాడు లేడు, అమ్మిన కూలి గిట్టదు. నేలకు వేయుట తప్ప దానికి వేరు గతి లేదు.

కుండీని గూర్చి మాట్లాడునపుడు కొందరికి ఉత్సాహము హెచ్చి, ఉక్కు కర్మాగారపు పొగకు పెరటి ఎరువు ప్రాయశ్చిత్తమనునంతవరకు పోవుదురు. లక్షల టన్నుల కోకు మండిన చోట ఒక కుటుంబపు తొక్కలు ఏ తూకమునకును రావు. ఫర్నేసు చిట్టెము సైతము వృథా పోదు. నీట చల్లార్చి పొడిచేసి సిమెంటులో కలుపుదురు. అదియు ఒక విధముగ తిరుగవేయుటయే, కాని పరిశ్రమ చేయు పని, పరిశ్రమ లెక్కలో చేరునది. గృహస్థు తన కుండీని చూపి పరిశ్రమ పాపమును కడుగబోయిన, రెండు లెక్కలును చెడును.

క్వార్టరు ఖాళీ చేయు దినమున పంకాలు, కుళాయిలు, స్విచ్చులు, కిటికీ అద్దములు లెక్క చూతురు. విద్యుత్తు బాకీ లేదని పత్రము తెచ్చుకొనవలెను. పెరటి మన్ను ఆ పట్టీలో ఉండదు. పెరిగినదో తరిగినదో అడుగువారు లేరు. తరువాత వచ్చువాడు దానిపై గచ్చు చేయించి స్కూటరు నిలుపుకొనవచ్చును. చాల పెరళ్ళకు ఆ గతియే పట్టినది. అట్లు జరిగినను గచ్చు క్రింద మన్ను కొంతకాలము మన్నుగనే యుండును.

వెళ్ళిపోవువానికి ఆఖరి నెలలో ఒక ఆచరణపు చిక్కు మిగులును. కుండీలోనిది సగము మాగియుండును. దానిని పాదులకు వేయుటకు లేదు, పచ్చిది. మూటకట్టి శ్రీకాకుళము తీసికొనిపోవుటకు లేదు. తెలిసినవారు చేయునది ఇది: సామాను లారీ రాకముందు ఒకమారు పూర్తిగా తిరుగవేసి, తడి చూచి, పైన రెండంగుళముల పాత మట్టి కప్పి, వానకాలమైన రేకు, ఎండకాలమైన గోనె పరచి, నాలుగు మూలల ఇటుకలు పెట్టి విడుతురు. అట్లు విడిచిన కుప్ప ఎవరును ముట్టకున్నను, బెంగుళూరు గుంటవలె, ఆరు నెలలకో ఎనిమిది నెలలకో మాగును. కొత్తగా వచ్చినవారు చెత్త యనుకొని పారవేయకుండ, ఇది ఎరువు, కదలింపవలదు అని ప్రక్క క్వార్టరువారికి ఒక మాట చెప్పి పోవుట మంచిది. అంతవరకు నవ్వినవారు వారే యైనను, ఆ మాట వారు మరచిపోరు.